ఒకే కౌంటీలో అయిదిళ్ళు

పన్నెండేళ్ళలో అయిదిళ్ళు మారాం. అయిదూ ఒకే కౌంటీలో, అంటే ఒకే జిల్లాలో. మొదటి ఇంటి నుంచి అయిదో ఇంటికి కారులో పాతిక నిమిషాలు. ముందు కోళ్ళ లారీ తగిలితే ముప్పై అయిదు. ఇంత చిన్న జాగాలో ఇన్నిసార్లు సామాన్లు సర్దామంటే ఎడిసన్‌లో ఉండే మా చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది.

మొదటిది బెంటన్‌విల్‌లో అపార్ట్‌మెంట్. మా ఆయన కాంట్రాక్టు మీద పనిచేసే పెద్ద కంపెనీ ఆఫీస్‌కి దగ్గర. తర్వాత రాజర్స్‌లో రెండు వాటాల ఇంట్లో ఒక వాటా. తర్వాత సెంటర్టన్‌లో ఒక ఇల్లు, దానికి రెండు వీధుల అవతల ఇంకో ఇల్లు. ప్రతిసారీ పైకి చెప్పడానికి ఒక కారణం ఉండేది. స్కూల్ అనో, లీజు అయిపోయిందనో, గరాజ్ చాలట్లేదనో. అసలు కారణం నేనే. ఒక చోట రెండేళ్ళు గడిచేసరికి నాకు లోపల ఏదో మొదలయ్యేది. వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించే అదే చెక్క కంచె, పక్కింటివాళ్ళు మాంసం కాల్చుకునే అదే గ్రిల్లు చూస్తుంటే ఊపిరాడనట్టు ఉండేది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్కన నిలబడి ఫోన్‌లో ఇళ్ళు చూసేదాన్ని.

"నీ అరికాళ్ళకి చక్రాలున్నాయే" అనేవాడు మా ఆయన. మొదట్లో నవ్వుతూ అనేవాడు. తర్వాత తర్వాత నవ్వు పోయింది.

అయిదో ఇల్లు కొన్నాం. కొంటే నేను కుదురుకుంటానని ఆయన ఆశ. కౌంటీకి పడమటి వైపు, చిన్న ఊరు ఒకటుంది. ఒక వీధి, ఒక కేఫ్, రెండు చర్చిలు, ఊరి పేరు రాసిన నీళ్ళ ట్యాంకు. ఆ ఊరి అంచున ఒకప్పటి మేత పొలంలో వేసిన కొత్త ఇళ్ళల్లో మాదొకటి. మా పోస్టల్ అడ్రస్‌లో ఒక ఊరి పేరు, స్కూల్ బస్సు మీద ఇంకో ఊరి పేరు, నీళ్ళ బిల్లు మూడో ఊరి నుంచి. ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే మా అమ్మాయి "ఇట్స్ కాంప్లికేటెడ్" అని ఊరుకునేది. ఆరో తరగతికి వచ్చేసరికి అది నాలుగు స్కూళ్ళు చూసింది.

ఆ ఇంట్లోకి వెళ్ళిన ఏడాదే నా వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది. రెన్యువల్ ఎక్కడో ఇరుక్కుంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేస్తున్న ఉద్యోగం పోయింది. పొద్దున్న ఎనిమిదికి ఇద్దరూ వెళ్ళిపోయాక ఇల్లంతా నామీద పడ్డట్టు ఉండేది. తుడిచిన గట్టే మళ్ళీ తుడిచేదాన్ని. కారు తీసుకుని ఊరికే తిరిగేదాన్ని. ఒకరోజు అలా తిరుగుతూ ఊళ్ళో వృద్ధుల కోసం నడిపే సీనియర్ సెంటర్ ముందు ఆగాను. ఇల్లు కదల్లేని వృద్ధులకి మధ్యాహ్న భోజనం చేరవేయడానికి మనుషులు కావాలని తలుపు మీద కాగితం అంటించి ఉంది. జీతం లేని పని కాబట్టి నాకు పర్మిట్‌తో పనిలేదు. లోపలికి వెళ్ళాను.

అక్కడి డైరెక్టర్ నాకంటే పదేళ్ళు పెద్దది. వేడి తగ్గకుండా ఉంచే పెద్ద సంచీ చేతిలో పెట్టి, మంగళ, శుక్రవారాలు నాకిచ్చింది. ఎనిమిది ఇళ్ళు, మూడు ఊళ్ళు. కాగితాల మీద సంతకం పెట్టించుకుంటూ నియమాలు చదివింది. వాళ్ళ మందులు ముట్టుకోకూడదు, డబ్బు తీసుకోకూడదు, సొంత కారులో ఎక్కించుకుని ఎక్కడికీ తీసుకెళ్ళకూడదు. అన్నింటికీ తలూపాను.

నా దారిలో ఆఖరి ఇల్లు ఒక పెద్దావిడది. ఎనభై ఏడేళ్ళు. ఊరికీ మా కొత్త ఇళ్ళకీ మధ్య నలభై ఎకరాల పొలం ఆవిడది. గేటు దగ్గర చెక్క పలక మీద పెద్ద అక్షరాలతో "అమ్మకానికి లేదు" అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. చుట్టూ పొలాలన్నీ ఇళ్ళ స్థలాలైపోయినా ఆవిడ మాత్రం అమ్మలేదు. కేఫ్‌లో గోడకి ఆవిడ ఫోటో తగిలించారు. ఆవిడ ఉన్నన్నాళ్ళు మన ఊరు మన ఊరే అని అక్కడ కాఫీ తాగే ముసలివాళ్ళు అనుకోవడం నేనే విన్నాను. అందుకే మొదటిసారి గుమ్మం ముందు నిలబడ్డప్పుడు నాకు బెరుకుగా ఉంది. ఆ పొలాల్ని మింగిన ఇళ్ళల్లోంచే కదా నేను వచ్చింది.

వాకర్ పట్టుకుని తలుపు తీసింది. నన్ను కిందినుంచి పైకి చూసింది.

"ఆ కొత్త ఇళ్ళల్లో ఉంటావా?"

"అవును మ్యామ్" అన్నాను, ఇక్కడి పద్ధతిలో.

"లోపల ఎలా ఉంటాయి? వంటింటి మధ్యలో గట్టు ఉంటుందటగా, చుట్టూ స్టూళ్ళు వేసుకుని కూర్చుంటారట?"

ఆ మాటలో కోపం లేదు. పెళ్ళింటికి వెళ్ళొచ్చిన వాళ్ళని వెళ్ళనివాళ్ళు అడిగినట్టు అడిగింది. నేను చెప్పాను. భోజనం ట్రే బల్ల మీద పెట్టి, పాల డబ్బా మూత తీసిచ్చి బయల్దేరబోతుంటే, "గిన్నెలు కడిగే మెషీన్ చప్పుడు చేస్తుందా?" అని వెనకనుంచి అడిగింది.

అలా ప్రతి మంగళవారం, శుక్రవారం ఒక ప్రశ్న. మూడో వారంలో అపార్ట్‌మెంట్ మాట వచ్చింది. ఉన్నావా ఎప్పుడైనా అని అడిగింది. ఉన్నానన్నాను, నాకు అదెంత చిరాకో చెప్పాను. పైనుంచి రోజంతా అడుగుల చప్పుడు, గోడ అవతల టీవీ, కారిడార్‌లో ఎవరో ఒకరు, ఎవరింటి తాలింపు వాసనో ఒకటి.

ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "మనుషుల అడుగులు వినిపిస్తాయా? రోజంతా?"

నేను ఆ ముఖం చూసి సంచీ కింద పెట్టాను.

అప్పుడు చెప్పింది. పుట్టింది ఆ పొలంలోనే. పుట్టిన ఇల్లు కాలిపోతే అదే పునాది మీద ఈ ఇల్లు కట్టారు. పెళ్ళయ్యాక భర్తే ఇక్కడికి వచ్చాడు. "ఎనభై ఏడేళ్ళుగా ఒకటే కిటికీ. అదిగో ఆ గుట్ట ఏ నెలలో ఏ రంగులో ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్తాను. నాకు విసుగు పుట్టి అరవై ఏళ్ళయింది, హనీ. ఆయనున్నప్పుడు అనలేకపోయాను. ఇప్పుడు ఊరు అననివ్వట్లేదు."

"మరి ఆ బోర్డు?"

"అది మా తమ్ముడి కొడుకు పాతాడు. మంచివాడే. నా గురించి నాకంటే వాడికి బాగా తెలుసనుకుంటాడు."

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పలేదు. ఎందుకో చెప్పాలనిపించలేదు. వెనక గదిలో కూర్చుంటే ఆవిడ పొలమే కనిపిస్తుంది మాకు. ఆ వ్యూ కోసమే ఆయన ఈ ఇల్లు తీసుకున్నాడు.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఆవిడ మామూలు చొక్కా బదులు నీలం డ్రెస్ వేసుకుని, లిప్‌స్టిక్ పెట్టుకుని కూర్చుని ఉంది. "నువ్వున్న ఆ అపార్ట్‌మెంట్ నాకు ఒకసారి చూపిస్తావా?" అంది. నియమం గుర్తుంది. సంతకం పెట్టిన సంగతీ గుర్తుంది. కానీ పద వెళ్దాం అని ఎవరైనా అంటే కాదనే శక్తి నాకు పుట్టుకతోనే లేదు. వాకర్ మడిచి డిక్కీలో పెట్టాను.

దారంతా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇక్కడ ఒక ఊరు ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో నాకు బోర్డు చూస్తే తప్ప తెలియదు. ఆవిడకి తెలుసు. "ఈ వాగు దాటితే వేరే ఊరు. వీళ్ళ బాస్కెట్‌బాల్ టీమ్ అంటే మాకు పడేది కాదు" అంది. ఇంకో మైలు పోయాక, వరసగా బూడిదరంగు ఇళ్ళున్న చోట, "ఇదంతా యాపిల్ తోటలు" అంది. అయ్యో అనబోయాను. "యాపిల్స్ కొయ్యడం అంత విసుగు పని ఇంకోటి లేదు. మెడ పట్టేసేది" అంది.

మేమున్న అపార్ట్‌మెంట్ల పక్కనే కొత్త భవనం కట్టారు. కింద కాఫీ షాపు, లిఫ్టు. ఆఫీస్‌లో అమ్మాయి మూడో అంతస్తులో ఖాళీది చూపించింది. పెద్దావిడ బాల్కనీలో వాకర్ మీద చేతులు ఆనించి నిలబడింది. కింద రౌండబౌట్‌లో కార్లు, సైకిళ్ళ వాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు. పది నిమిషాలు కదల్లేదు. కారిడార్‌లోకి వచ్చేసరికి ఎవరింట్లోనో తాలింపు పడింది. ఆవాలు, ఇంగువ. అదేం వాసన అని అడిగితే చెప్పాను. "రోజూ వస్తుందా?" అంది. వస్తుందన్నాను. నేను ఏ వాసన తప్పించుకుందామని అక్కణ్ణించి పారిపోయానో దాన్ని ఆవిడ గట్టిగా పీల్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నా మనసు మనసులో లేదు. ఆవిడ మీద కోపంలాంటిది వచ్చింది. అరవై ఏళ్ళు కోరుకున్నది పది నిమిషాల్లో ఆవిడకి దొరికినట్టుంది. నాకేమో అయిదిళ్ళు మారినా ఏం వెతుకుతున్నానో తెలియదు.

జూన్‌లో ఆవిడ పొలం గట్టున ఊరి కౌన్సిల్ వాళ్ళు నోటీసు బోర్డు పెట్టారు. పొలాన్ని ఊరి పరిధిలో కలిపి ఇళ్ళు కట్టుకోనివ్వాలని యజమాని అర్జీ పెట్టుకున్నారని, ఫలానా రోజు బహిరంగ విచారణ అని. ఆవిడే ఒక లాయర్‌ని ఇంటికి పిలిపించుకుని చేసింది ఆ పని. ఊరు నమ్మలేదు. ముసలావిణ్ణి ఎవరో మోసం చేస్తున్నారన్నారు. కేఫ్ కిటికీలో, చర్చి ముందు, గ్యాస్ స్టేషన్‌లో పొలాన్ని కాపాడమని పోస్టర్లు వెలిశాయి.

అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది మా వాళ్ళు. మా కొత్త ఇళ్ళల్లో తెలుగువాళ్ళే పద్నాలుగు కుటుంబాలున్నాం. వాట్సాప్ గ్రూప్ మోగిపోయింది. మన వెనక పొలం పోతే ప్రైవసీ పోతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, స్కూల్ నిండిపోతుంది. మూణ్ణెల్ల క్రితం గృహప్రవేశం చేసుకున్న ఆయన పిటిషన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మా గుమ్మంలో మా ఆయన సంతకం పెట్టేశాడు.

"నువ్వు కూడా పెట్టు" అన్నాడు, పెన్ను నా వైపు చాపుతూ.

"ఆ పొలం ఆవిడది కదా" అన్నాను.

"ఆవిడకేం తెలుసు పాపం, ఎవరో ఆడిస్తున్నారు."

పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి లోపలికి వచ్చేశాను.

విచారణ స్కూల్ డైనింగ్ హాల్లో పెట్టారు, కౌన్సిల్ గది చాలదని. సాయంత్రం ఆరు గంటలకి. ఆవిడ నాకు ఫోన్ చేసి రమ్మంది, తీసుకెళ్ళాను. రెండో తప్పు. వెనక తలుపు దగ్గర వరసలో కూర్చున్నాం. మా ఆయన, మా వాళ్ళు కుడివైపు. నన్ను ఆవిడ పక్కన చూసి మా ఆయన కనుబొమలు ఎగరేశాడు. ఊరివాళ్ళు ఎడమవైపు. మనిషికి మూడు నిమిషాలు. మేయర్ ముందు గంట పెట్టుకున్నాడు.

పిటిషన్ తిప్పినాయన ట్రాఫిక్ గురించి మాట్లాడాడు. వెంటనే ఎడమవైపు నుంచి ఒక ముసలాయన, "ట్రాఫిక్ తెచ్చిందే మీరు కదయ్యా" అన్నాడు. నవ్వారు. మా వాళ్ళు తలలు దించుకున్నారు. ఆ తర్వాత మాట్లాడిన ప్రతివాళ్ళూ ఆవిడ గురించే మాట్లాడారు, ఆవిడ అక్కడ లేనట్టు. ఊరికి ఆవిడే ఆనవాలు అన్నారు. ఆ పొలం చూస్తే ప్రాణం లేచొస్తుంది అన్నారు. చివర్లో ఆ బోర్డు పాతిన మేనల్లుడు లేచాడు. అరవై దాటిన మనిషి, పెద్ద చేతులు. తెచ్చుకున్న కాగితం మడిచి జేబులో పెట్టేశాడు.

"మా అత్త ఇల్లు కదిలి ఎరగదు. ఈ వసంతంలో ఎవరో ఆవిణ్ణి కారులో ఎక్కించుకుని తిప్పారు. అప్పట్నుంచే ఇదంతా. అదెవరో తెలుసుకోవాలనుంది నాకు."

తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. నిజం చెప్పాలంటే లేచింది పారిపోవడానికే. లేచాక అందరూ నావైపే చూశారు.

"నేనే" అన్నాను.

మా ఆయన ముఖం చూడలేకపోయాను. అంతలో వాకర్ చప్పుడైంది. ఆవిడ లేచి నిలబడింది. మైక్ దగ్గరికి వెళ్ళలేదు, ఉన్నచోటే మాట్లాడింది. హాలంతా వినడానికి వెనక్కి తిరిగింది.

"ఆ పిల్లని ఏమీ అనకండి. అడిగింది నేను. మీరందరూ నా పొలం పక్కనుంచి వెళ్తూ సంతోషిస్తారు. నాకూ సంతోషమే. కానీ కారు ఆపి నా తలుపు తట్టి ఎన్నాళ్ళయింది? మంగళవారం, శుక్రవారం ఈ అమ్మాయి వస్తుంది. భోజనం చల్లారకముందే వెళ్ళిపోతుంది, సంచీ తిరిగి అప్పగించాలి కాబట్టి. మిగతా రోజుల్లో నాతో మాట్లాడేది రేడియో. మీకు ఊరు ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. అందుకోసం అక్కడ కూర్చోవడానికి మాత్రం నేనుండాలి. నేను చాలాకాలం కూర్చున్నాను. ఇంక వేరేచోట కూర్చుంటాను."

మేయర్ గంట పక్కకి జరిపాడు.

"నాతో ఒక్కమాట అని ఉండాల్సింది అత్తా" అన్నాడు మేనల్లుడు. మైక్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

"అన్నాను. నువ్వు వెళ్ళి బోర్డు పాతావు."

ఆ రోజు ఏదీ తేలలేదు. తర్వాతి సమావేశంలో కౌన్సిల్ వాళ్ళు ఒక్క ఓటు తేడాతో ఒప్పుకున్నారు.

మా వాళ్ళ కారులో వచ్చిన మా ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు నా కారు నడిపాడు, దారిలో ఆవిణ్ణి దింపాం. మా వీధి మలుపు దగ్గర, "నాకు చెప్పి ఉండొచ్చు కదా" అన్నాడు.

"చెప్తే వద్దనేవాడివి."

"అనేవాణ్ణే. అయినా చెప్పాల్సింది." కారు గరాజ్‌లో పెట్టి ఇంజన్ ఆపాక కూడా దిగలేదు. "ఆవిడకి ఏం కావాలో ఆవిడకి తెలుసు. నీకేం కావాలి? చెప్పు. నేను నిజంగా అడుగుతున్నాను."

గరాజ్ తలుపు కిందికి దిగింది. చీకట్లో కూర్చుని నేను ఆలోచించాను. "తెలియదు" అన్నాను. పన్నెండేళ్ళలో ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు చూపించేదాన్ని.

మర్నాడు సీనియర్ సెంటర్ డైరెక్టర్ ఫోన్ చేసింది. సంచీ తిరిగి ఇచ్చేయమంది. కోప్పడలేదు. "నీ స్థానంలో ఉంటే నేనూ తీసుకెళ్ళేదాన్నేమో. కానీ ఆవిడ దార్లో పడిపోయి ఉంటే?" అంది. సంచీ కడిగి ఆరబెట్టి తీసుకెళ్ళి ఇచ్చాను. మిగతా ఏడిళ్ళ వాళ్ళకి మానేస్తున్నానని చెప్పే వీలు కూడా లేకపోయింది. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

సెప్టెంబర్‌లో ఆవిడ మేం చూసొచ్చిన ఆ కొత్త భవనంలోకి ఇల్లు మారింది. సర్దడానికి వెళ్ళాను. సామాన్లు సర్దడంలో నాకున్న అనుభవం ఆ చుట్టుపక్కల ఎవరికుంది? ఆవిడ తీసుకెళ్ళింది చాలా తక్కువ. ఒక మంచం, సోఫా, రెండు కుర్చీలు, రేడియో. మేనల్లుడు ట్రక్కు తెచ్చాడు. నాతో మాట్లాడలేదు. కానీ సోఫా రెండో చివర పట్టుకోవడానికి నేను వంగితే, "నడుము పట్టేస్తుంది, వదిలెయ్" అని తనే ఎత్తుకున్నాడు.

నవంబర్‌లో చూడ్డానికి వెళ్ళాను, గారెలు చేసి పట్టుకుని. నాకు ఇరవై నిమిషాలిచ్చింది. కాఫీ షాపులో నలుగురు ఆడవాళ్ళతో పేకాట మొదలయ్యే వేళట. పక్కవాటా తెలుగావిడ రసం ఇచ్చిందని, ఘాటుకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయని చెప్పింది. లిఫ్టు నెమ్మదని సణిగింది. పైవాటా వాళ్ళు ఖాళీ చేశారని, చప్పుడు లేక తోచట్లేదని కూడా సణిగింది. నేను లేస్తుంటే, "వచ్చే శుక్రవారం రాకు హనీ, నాకు పనుంది" అంది. లిఫ్టులో కిందికి వస్తూ చిన్నబుచ్చుకున్నాను. తర్వాత నాకే నవ్వొచ్చింది.

చలికాలంలో వర్క్ పర్మిట్ వచ్చింది. పాత కంపెనీ మళ్ళీ పిలిచింది కూడా. నేను వెళ్ళలేదు. కౌంటీలో చిన్న ఊళ్ళ నుంచి వృద్ధుల్ని ఆస్పత్రులకి, డయాలిసిస్‌కి తీసుకెళ్ళే వ్యాన్‌లున్నాయి. వాటిలో ఒకదానికి డ్రైవర్‌గా చేరాను. మాస్టర్స్ చదివి వ్యాన్ నడపడమేంటని మా వాళ్ళంతా తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒకావిడ నా మొహం మీదే అంది. మా ఆయన ప్లేట్ కింద పెట్టి, "బాగా నడుపుతుందండీ" అన్నాడు. ఆ ఒక్కమాటకి ఆయన మీద నాకు ఎన్నాళ్ళుగానో లేనంత ప్రేమ కలిగింది.

మా వెనక పొలంలో ఇప్పుడు గులాబీరంగు రిబ్బన్లు కట్టిన కర్రలు పాతారు. ఎర్రమట్టి లేస్తోంది. మా అమ్మాయి హైస్కూల్ అయ్యేదాకా ఇల్లు మారేది లేదని నాతో కాగితం రాయించుకుని, సంతకం పెట్టించుకుని ఫ్రిజ్‌కి అంటించింది. ఆరేళ్ళు. ఆ కాగితానికి కట్టుబడి ఉందామనే అనుకుంటున్నాను.

సాయంత్రం వ్యాన్ అప్పగించి నా కారు ఎక్కుతాను. చాలా రోజులు తిన్నగానే ఇంటికొస్తాను. ఒక్కో రోజు మా వీధి మలుపు దగ్గర ఇండికేటర్ వేసి కూడా తిరగను. తర్వాతి ఊరి దాకా పోయి, అక్కడి చర్చి ఆవరణలో వెనక్కి తిప్పుకుని వస్తాను. ఆలస్యమైందేమని మా ఆయన అడిగితే ట్రాఫిక్ అంటాను. ఆయన నా వైపు ఒక క్షణం చూసి, కంచాలు పెడతాడు.